టాటర్సాల్ ఎడమ చెవి

వెస్ట్‌ఫెల్ పటాలాన్నీ లూన్‌డేల్ పటాలాన్నీ కలిపి ఒక్కటి చేస్తున్నామని లండన్ నుంచి కబురొచ్చిన రోజు కల్నల్ రోలండ్ ఆస్క్యూ మధ్యాహ్న భోజనం ముట్టలేదు. అది 1958 ఫిబ్రవరి. కొండల మీద ఇంకా మంచు కరగలేదు. ఆయన కిటికీ దగ్గర నిలబడి, కింద కవాతు మైదానంలో కుర్రాళ్ళు బూట్లతో బురద తొక్కుతూ తిరగడం చాలాసేపు చూశాడు. పంతొమ్మిదో ఏట ఈ వెస్ట్‌ఫెల్ పటాలంలో చేరి, ఇప్పుడు దాన్ని నడుపుతున్నవాడు. తండ్రి కూడా ఇందులోనే పనిచేశాడు. పటాలం పోతే తనకు మిగిలేదేమిటో ఆయనకు వెంటనే తట్టలేదు.

అంతకన్నా పెద్ద దెబ్బ సాయంత్రం తగిలింది. లూన్‌డేల్ పటాలాన్ని ఇప్పుడు నడుపుతున్నది ఎవరో సార్జెంట్ మేజర్ గిల్పిన్ కనుక్కొచ్చాడు.

"టాటర్సాల్ గారట సార్," అన్నాడు గిల్పిన్, గోడ వైపు చూస్తూ.

"ఏ టాటర్సాల్?"

"ఆ టాటర్సాల్ గారే సార్."

పద్నాలుగేళ్ళ కిందట ఇటలీలో ఒక నది దగ్గర ఆస్క్యూ తన కంపెనీ సిపాయిలతో తెల్లవారుజామున అవతలి ఒడ్డుకు చేరాడు. కుడిపక్కన లూన్‌డేల్ కంపెనీ వచ్చి కలవాలి. దాని కెప్టెన్ లారెన్స్ టాటర్సాల్. వాళ్ళు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఈలోగా ఆస్క్యూ మనుషులు గట్టు కింద, దాక్కోవడానికి ఒక్క చెట్టు కూడా లేనిచోట, ఒకరి తర్వాత ఒకరు నేలకొరిగారు. తర్వాత విచారణ జరిగింది. తప్పు ఎవరిదీ కాదన్నారు. ఆస్క్యూ ఆ మాట ఒప్పుకోలేదు. యుద్ధం అయ్యాక టాటర్సాల్ వస్తాడని తెలిసిన విందుకు వెళ్ళలేదు, లూన్‌డేల్ వాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్ళలేదు, చివరకు టాటర్సాల్ భార్య పోయినప్పుడు నాలుగు ముక్కల సానుభూతి కూడా పంపలేదు. ఆ చివరిది మాత్రం ఆయన్ని అప్పుడప్పుడూ గుచ్చుతూ ఉండేది.

ఏప్రిల్‌లో లూన్‌డేల్ వాళ్ళు బ్యాండు మేళంతో వెస్ట్‌ఫెల్ వాళ్ళ స్కార్‌గేట్ బారక్స్‌లో అడుగుపెట్టారు. గేటు దగ్గర టాటర్సాల్ కారు దిగాడు. పొడుగ్గా, కాస్త వంగి, జుట్టు పూర్తిగా నెరిసి ఉన్నాడు. ఆస్క్యూ చెయ్యి చాపాడు.

"దారిలో ఇబ్బందేం కాలేదు కదా? అనుకున్న వేళకే వచ్చారే!"

టాటర్సాల్ ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలించుకుని, చిన్నగా నవ్వాడు. "రోడ్డు మీద జర్మన్లు లేరు లెండి."

అక్కణ్నుంచి అంతా అలాగే సాగింది. టోపీ మీద ఎవరి గుర్తు ఉండాలి, కవాతుకు ఎవరి పాట వాయించాలి, మెస్ బల్ల మీద ఎవరి వెండి సామాను పెట్టాలి, అన్నీ తగాదాలే. లూన్‌డేల్ వాళ్ళు వెస్ట్‌ఫెల్ వాళ్ళను 'గొర్రెలోళ్ళు' అనేవారు. బట్టల మిల్లుల ఊళ్ళనుంచి వచ్చిన వాళ్ళను వీళ్ళు 'మిల్లోళ్ళు' అనేవారు. రాణిగారి ఆరోగ్యం కోరుతూ గ్లాసు ఎత్తేటప్పుడు వెస్ట్‌ఫెల్ వాళ్ళు నిలబడాలి. లూన్‌డేల్ వాళ్ళు కూర్చునే తాగాలి. ఏనాటి రాజో యుద్ధంలో అలిసిపోయిన వాళ్ళను చూసి, కూర్చోండి నాయనా అన్నాడట. మొదటి విందులో బల్లకు ఒక వైపు వాళ్ళు లేచారు, రెండో వైపు వాళ్ళు కదల్లేదు. అతిథిగా వచ్చిన చర్చి ఫాదరు మాత్రం ఎటూ తేల్చుకోలేక, సగం లేచి, మోకాళ్ళు వంచి, అలాగే వణుకుతూ తాగాడు.

ఆ వారమే బ్రిగేడియర్ ఒలిఫంట్ వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టుకున్నాడు. లావుపాటి మనిషి, మాట మాత్రం మెత్తన.

"పటాలం ఒక్కటే. కుర్చీ ఒక్కటే. మీ ఇద్దరిలో ఒకరు దాన్ని నడుపుతారు, రెండోవారు ఇంటికి వెళ్ళి గులాబీలు పెంచుకుంటారు. జులై దాటాక చెప్తాను. అంతవరకూ ఒకరి గొంతు ఒకరు కొరుక్కోకండి."

ఆస్క్యూ అప్పటిదాకా తనకు కుర్చీ మీద అంత ఆశ ఉందనుకోలేదు. ఆ మాట విన్న క్షణం నుంచి మాత్రం నిద్రలో కూడా అదే. బారక్స్ తనది, ఊరు తనది, కొండలు తనవి. నిన్న గాక మొన్న వచ్చినవాడికి ఇవ్వడమేమిటి?

కానీ నిన్న గాక మొన్న వచ్చినవాడు మనుషుల్ని ఆకట్టుకుంటున్నాడు. ముఖ్యంగా ఒక అలవాటుతో. సైన్యంలో ఇద్దరు కలిసి నడిస్తే పెద్ద హోదా ఉన్నవాడు కుడిపక్కన నడవాలి. టాటర్సాల్ ఎవరితో నడిచినా, నిన్న చేరిన లెఫ్టినెంటుతో అయినా సరే, కుడిపక్క వాళ్ళకు వదిలేసి తాను ఎడమకు జరిగేవాడు. మెస్ బల్ల దగ్గర నడిమి కుర్చీ వదిలేసి ఎడమ చివర కూర్చునేవాడు.

"ఎంత పెద్దమనిషో చూడండి సార్," అన్నాడు ఒకసారి గిల్పిన్. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

"నీకు కూడా పూనకం వచ్చిందా గిల్పిన్?"

"లేదు సార్. ఊరికే చెప్తున్నా సార్. మనవాళ్ళు అనుకుంటున్నారు సార్."

మే నెలలో ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ చర్చి ముందు నిలబడి ఉన్నారు. ఆస్క్యూ వెనకనుంచి టాటర్సాల్ ఎడమ భుజం దగ్గరకు వచ్చి, ఎలాగో మర్యాద తెచ్చుకుని, "ఈరోజు మా ఇంట్లో టీకి రండి, ఇసొబెల్ పిలవమంది," అన్నాడు. టాటర్సాల్ తల కూడా తిప్పలేదు. ఎదుటివాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆస్క్యూ ముఖం ఎర్రబడింది. ఇంటికి వెళ్ళి భార్యతో, "నీ టీ నీళ్ళు వాడికి అక్కర్లేదట," అన్నాడు.

రెండు రోజుల తర్వాత మెస్‌లో ఒక వంటవాడు పళ్ళేల దొంతర జారవిడిచాడు. గదిలో ఉన్న ప్రతి తలా అటు తిరిగింది. టాటర్సాల్ తల ఒక్క క్షణం ఆలస్యంగా, అదీ తప్పు వైపుకు తిరిగింది. అది ఆస్క్యూ చూశాడు. ఫోర్కు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని ఆయనకే నచ్చలేదు గానీ చేశాడు. కాఫీ తాగుతుండగా టాటర్సాల్ ఎడమపక్కకు వెళ్ళి, కప్పులో చక్కెర కలుపుకుంటూ, మామూలు గొంతుతో, "నది దగ్గర మావాళ్ళను చంపింది నువ్వే," అన్నాడు.

టాటర్సాల్ కప్పు పైకెత్తి కాఫీ తాగాడు. కిటికీలోంచి చూసి, "రేపు వాన పడేలా ఉంది," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

మర్నాడు ఉదయం టోస్టు మీద నారింజ మార్మలేడ్ రాస్తూ ఆస్క్యూ ఇసొబెల్‌కు చెప్పాడు. తనకే తెలియకుండా గొంతులో హుషారొచ్చింది.

"ఎడమ చెవి పూర్తిగా పోయింది! అందుకే అందరికీ కుడిపక్క ఇస్తున్నాడు. మర్యాదా లేదు, మన్నూ లేదు. డాక్టర్లకు ఒక్క ముక్క చెబితే చాలు, సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు."

"అయితే చెప్పు," అంది ఇసొబెల్.

"నేనెలా చెప్తాను? కుర్చీ కోసం చెప్పానంటారు."

"కుర్చీ కోసం కాదా మరి?"

ఆయన టోస్టు కొరికాడు.

"పాపం, భార్య పోయి ఒక్కడే ఉన్నాడు. చెవి కూడా పోయిందంటే ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దమో," అంది ఇసొబెల్.

"నువ్వెవరి పక్కే?"

"నీ పక్కే. అందుకే అడుగుతున్నా. చెప్తే చెప్పు, మానితే మాను. ఆ సంగతి జేబులో పెట్టుకుని మాటిమాటికీ తడుముకుంటూ మాత్రం తిరగకు. నీ ముఖం చూస్తే తెలిసిపోతోంది."

ఆయన చెప్పలేదు, మానలేదు. జేబులోనే పెట్టుకున్నాడు. బ్రిగేడియర్ ఎప్పుడైనా టాటర్సాల్‌ను మెచ్చుకుంటే, ఒక్కమాటతో పడగొట్టగలనన్న ధైర్యం లోపల వెచ్చగా ఉండేది. అలా జూన్ గడిచింది.

జులైలో కొండల మీద అసలు మందుగుండుతో విన్యాసాలు జరిగాయి. ఒక రోజు దాడి నడిపించే వంతు టాటర్సాల్‌ది. పైన పాతకాలపు రాతి గొర్రెలదొడ్డి ఒకటి ఉంది. దాన్ని శత్రువు స్థావరం అనుకోవాలి. ముందు మోర్టార్లు దాని మీద గుండ్లు కురిపిస్తాయి, ఆ తర్వాత సిపాయిలు పైకి ఎక్కుతారు. టాటర్సాల్ మిట్ట మీద నిలబడి, టెలిఫోన్ కుడి చెవికి ఆనించుకుని, మోర్టార్ల వాళ్ళతో మాట్లాడుతున్నాడు. ఆస్క్యూ కొంచెం వెనకగా నిలబడ్డాడు. బ్రిగేడియర్ కింద రోడ్డు పక్కన, తన జీపు దగ్గర ఉన్నాడు.

పొద్దుటినుంచీ పొగమంచు వస్తూ పోతూ ఉంది. ఒక్కసారి అది పక్కకు తొలిగేసరికి దొడ్డి గోడ కిందనే కొందరు కుర్రాళ్ళు కనిపించారు. దారి తప్పి ఉండవలసిన చోటుకంటే చాలా ముందుకు వచ్చేశారు. ఒకడు గోడకు ఆనుకుని కూర్చుని బూటులోంచి రాయి దులుపుకుంటున్నాడు.

ఎడమపక్క వాగు దగ్గరనుంచి గిల్పిన్ అరిచాడు. "ఆపండి సార్! మనోళ్ళు! మనోళ్ళున్నారు అక్కడ!"

గిల్పిన్ గొంతు కవాతు మైదానం ఈ చివరనుంచి ఆ చివరకు వినపడే గొంతు. టాటర్సాల్ కదల్లేదు. ఆయన చూపు మోర్టార్ల వైపు ఉంది. "సిద్ధమేనా? సరే..." అంటున్నాడు టెలిఫోనులో.

ఆస్క్యూ పరుగెత్తాడు. ఆ నాలుగు గజాల్లో ఏమనుకున్నాడో ఆయనకు తర్వాత గుర్తులేదు. టాటర్సాల్ చేతిలోంచి టెలిఫోన్ లాక్కుని, "ఆపండి! ఎవరూ పేల్చొద్దు!" అని కేక పెట్టాడు.

టాటర్సాల్ ముందు కోపంగా చూశాడు. తర్వాత ఆస్క్యూ చూపించిన వైపు చూశాడు. ముఖంలో రక్తం లేకుండా పోయింది. గోడ దగ్గర కుర్రాడు బూటు తొడుక్కుని లేసు కట్టుకుంటున్నాడు, ఏమీ తెలియకుండా.

ఎవరికీ ఏమీ కాలేదు. బ్రిగేడియర్ రొప్పుతూ పైకి ఎక్కి వచ్చి సంగతి విన్నాడు. "చెవిలో టెలిఫోన్ ఉంటే దేవుడు పిలిచినా వినపడదు. ఎవరికైనా జరిగేదే. వాళ్ళను దారి తప్పించిన సార్జెంటు ఎవడో పట్టుకుని ఉతకండి," అన్నాడు. తర్వాత ఆస్క్యూను పక్కకు తీసుకెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచి పని చేశావయ్యా. అందుకని దాచకుండా చెప్తున్నా. నా మనసు టాటర్సాల్ వైపే ఉంది. మీవాళ్ళకు కూడా అతనంటే ఇష్టం. నువ్వు మంచి సైనికుడివి, కానీ ఒకసారి కోపమొస్తే దాన్ని మేపుతూ కూర్చుంటావు."

ఇప్పుడు చెప్పాలి. ఒక్కమాట. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఈ క్షణం కోసమేగా. ఆస్క్యూ నోరు తెరిచాడు. దూరంగా టాటర్సాల్ ఒక బండ మీద కూర్చుని, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఆ కుర్రాళ్ళు కిందికి దిగిరావడం చూస్తున్నాడు. వాళ్ళలో ఒకడు ఏదో జోకు వేశాడు. మిగతావాళ్ళు నవ్వారు. మే నెలలోనే తాను నోరు విప్పి ఉంటే ఈ రోజు ఆ మిట్ట మీద ఇంకెవరో ఉండేవారు. గిల్పిన్ అరిచినప్పుడు వినేవారు.

"బ్రిగేడియర్ గారూ, నా పేరు తీసెయ్యండి," అన్నాడు ఆస్క్యూ.

"ఏమిటీ?"

"కుర్చీకి. నా పేరు తీసెయ్యండి. ఎందుకని అడక్కండి."

"కోపంలో మాట్లాడకు."

"కోపం లేదండీ. విచిత్రంగా ఉంది, అసలు లేదు."

మధ్యాహ్నం ఆయన టాటర్సాల్ ఉంటున్న ఇంటికి వెళ్ళాడు. తలుపు కొడితే వినపడుతుందో లేదోనని, ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్ళాడు. టాటర్సాల్ చొక్కా చేతులు మడిచి బఠాణీ పూల తీగలకు పుల్లలు పాతుతున్నాడు. ఆస్క్యూ తిన్నగా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"మీకు ఎడమ చెవి వినపడదు."

టాటర్సాల్ చేతిలో పుల్ల అలాగే ఉంది. "ఎప్పట్నుంచి తెలుసు?"

"మే నుంచి."

"మే నుంచి! మరి ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"ఉంచుకున్నాను. పనికొస్తుందని."

"నయం, అబద్ధం చెప్పలేదు." టాటర్సాల్ పుల్లను మట్టిలోకి గట్టిగా దిగ్గొట్టాడు. "ఇంకెందుకు ఆలస్యం? వెళ్ళి ఒలిఫంట్ చెవిలో వెయ్యండి. ఆయన రెండు చెవులూ బాగానే ఉన్నాయి."

"ఆయన దగ్గర్నుంచే వస్తున్నా. నా పేరు తీసేయించుకున్నాను. మీ సంగతి చెప్పలేదు. అది మీరే చెప్పాలి."

టాటర్సాల్‌కు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"నీ త్యాగం ఎవడడిగాడయ్యా? ఆఁ? ఇప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే దొంగని. నోరు తెరిస్తే కుర్చీ లేదు. నువ్వేమో చేతులు కడుక్కుని పెద్దమనిషివి! నదికి బదులు తీర్చుకోవడానికి పద్నాలుగేళ్ళు ఆగావు కదూ!"

"నదికీ దీనికీ సంబంధం లేదు."

"నీకు ప్రతిదానికీ నదితోనే సంబంధం! ఆ రోజు మాకు దారి చూపించినవాడు తప్పు లోయలోకి తీసుకెళ్ళాడు. ఆ మాట విచారణలో చెప్పాను. నువ్వు విన్నావా? చెవిటివాణ్ని నేనా, నువ్వా?"

"మ్యాపు నీ చేతిలో ఉంది!"

"ఆ మ్యాపులో లోయే లేదు!"

పక్కింటి గోడ మీంచి ఒక ఆడమనిషి తల ఎత్తి చూసి, మళ్ళీ దించేసుకుంది. ఇద్దరూ ఒక్కసారే గొంతు తగ్గించారు. టాటర్సాల్ పెరటి బల్ల మీద కూర్చున్నాడు. చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఆ కుర్రాడు," అన్నాడు. "బూటు విప్పుకుని కూర్చున్నాడే. వాడి పేరు కనుక్కున్నాను. వాళ్ళ నాన్న నా కంపెనీలో చేశాడు."

ఆస్క్యూ వచ్చి ఆయన కుడిపక్కన కూర్చున్నాడు.

"చెవి ఆ నది దగ్గర పోయిందేమో అనుకుంటున్నావా? కాదు. యుద్ధం అయ్యాక పోయింది. జలుబు చేసి. చెప్పుకోవడానికి కూడా బాగోదు." ఆయన నవ్వబోయాడు, నవ్వు సరిగా రాలేదు. "నా భార్య ఎలెన్‌కు తెలుసు. విందుల్లో ఎప్పుడూ ఎడమపక్క కూర్చునేది. ఎవరైనా అటునుంచి మాట్లాడితే నా మోచెయ్యి నొక్కేది. తను పోయాక ఇక నేనే చూసుకోవాల్సి వచ్చింది."

"ఆవిడ పోయినప్పుడు నేను రాయలేదు," అన్నాడు ఆస్క్యూ. "రాయాల్సింది."

"అవును, రాయాల్సింది."

టాటర్సాల్ లేచి లోపలికి వెళ్ళి రెండు కప్పుల టీ తెచ్చాడు. చాలా చిక్కగా, నల్లగా ఉంది, తాగడానికి బాగోలేదు. ఇద్దరూ తాగారు.

మర్నాడు టాటర్సాల్ తానే ఒలిఫంట్ దగ్గరకు వెళ్ళాడు. డాక్టర్లు చూసి, యుద్ధరంగంలో సిపాయిలను నడపడానికి పనికిరాడని తేల్చారు. ఒలిఫంట్ వెంటనే ఆస్క్యూను పిలిపించాడు.

"నీ పేరు మళ్ళీ రాస్తున్నా. పిచ్చి వేషాలు మాను."

"వద్దండీ."

"ఎందుకయ్యా? ఇప్పుడు అడ్డెవరున్నారు?"

"ఎవరూ లేరు. అదే అడ్డు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిరోజూ, ఇది ఎలా వచ్చిందీ అని నన్ను నేను అడుక్కోవాలి. మెస్‌లో సగంమంది కూడా అడుగుతారు. అలా రెండు పటాలాలు ఒక్కటి కావు."

ఆశ్చర్యమేమిటంటే, అదే సాయంత్రం టాటర్సాల్ కూడా వచ్చి అడిగాడు. "తీసుకో, మూర్ఖుడా. నాకు లేనిది నీకైనా ఉండనీ." ఆస్క్యూ తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో ఇసొబెల్ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా? ఈ ఇల్లు వదలాల్సింది నువ్వొక్కడివేనా?"

"అడిగితే వద్దనేదానివా?"

"వద్దనేదాన్ని కాదు. అయినా అడగాలి." ఆమె రెండు రోజులు ముభావంగా ఉంది. మూడోరోజు పెట్టెలు దింపడం మొదలుపెట్టింది.

కొత్త కల్నల్ దక్షిణాదినుంచి వచ్చాడు. పేరు ప్రోథెరో. చురుకైనవాడు, ఈ కొండలంటే తెలియనివాడు. వచ్చిన వారంలోనే రెండు పటాలాల పాత అలవాట్లన్నీ పక్కన పెట్టి కొత్తవి పెట్టాడు. గొర్రెలోళ్ళు, మిల్లోళ్ళు కలిసి ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆయన్ని తిట్టుకోవడం మొదలుపెట్టారు. పటాలం నిజంగా ఒక్కటయింది అప్పుడేనని గిల్పిన్ అభిప్రాయం.

సెప్టెంబరులో రెండు పటాలాల పాత జెండాలను ఆనవాయితీ ప్రకారం చర్చికి అప్పగించారు. ఆస్క్యూ, టాటర్సాల్ మామూలు సూట్లలో ముందు వరుసలో కూర్చున్నారు. వెస్ట్‌ఫెల్ జెండాను ఫాదరు చేతిలో పెడుతున్నప్పుడు ఆస్క్యూకు కళ్ళు తడిశాయి. టాటర్సాల్ పాటల పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ పుస్తకం తలకిందులుగా ఉంది.

ఆస్క్యూ ఆ ఊళ్ళోనే చిన్న ఇల్లు తీసుకుని జిల్లా వ్యవసాయ ప్రదర్శనకు కార్యదర్శిగా చేరాడు. టాటర్సాల్ లూన్ నది ఎగువన ఒక పల్లెలో స్థిరపడ్డాడు. చెవికి మిషను పెట్టుకున్నాడు. అది ఈల వేస్తుందని విసుక్కుంటూ సగం రోజులు సొరుగులోనే పెట్టేవాడు. ఇద్దరూ పెద్ద స్నేహితులయ్యారని చెప్పలేం. గురువారం సంతకు వస్తే టాటర్సాల్ ఆస్క్యూ ఇంట్లో భోంచేసేవాడు. ఇసొబెల్ మాంసం, ఆలుగడ్డలు కూరి కాల్చిన 'పై' చేసిపెట్టేది. ఇటలీ నది సంగతి వస్తే మళ్ళీ పోట్లాట మొదలు. లోయ మ్యాపులో ఉందా లేదా అన్నది ఎన్నడూ తేలలేదు.

మరుసటి వేసవిలో గొర్రెలకాపరి కుక్కల పోటీకి న్యాయనిర్ణేతలు దొరక్క ఆస్క్యూ టాటర్సాల్‌ను పిలిచాడు. కొండవాలున ఒక నల్లమచ్చల ఆడకుక్క, కాపరి ఈలకు అటూ ఇటూ కదులుతూ, ఐదు గొర్రెలను మెల్లగా దడిలోకి తోలుతోంది. చివరి గొర్రె మొండికేసి దడి ముందు ఆగిపోయింది. కుక్క నేలకు అతుక్కుని దాని కళ్ళలోకి చూస్తూ పడుకుంది.

"దీనికే మొదటి బహుమతి," అన్నాడు టాటర్సాల్.

"దీనికా? మొదట్లో చాలా దూరం చుట్టు తిరిగింది. మార్కులు కోయాలి."

"అలా చుట్టు తిరగకపోతే గొర్రెలు బెదిరేవి. కుక్కకున్న తెలివి నీకు లేదేమిటి?"

"నిబంధనలు చదివావా అసలు?"

"చదివాను. చెత్తగా రాశావు."

గొర్రె తల దించుకుని దడిలోకి వెళ్ళిపోయింది. కాపరి గేటు మూశాడు. జనం చప్పట్లు కొడుతుండగా చినుకులు మొదలయ్యాయి. ఇసొబెల్ గుడారంలోంచి చెయ్యి ఊపి టీకి రమ్మంది. న్యాయనిర్ణేతలిద్దరూ ఆ కుక్కకు ఎన్ని మార్కులివ్వాలో గట్టిగా పోట్లాడుకుంటూ తడి గడ్డిలో గుడారం వైపు నడిచారు.